లాగి చూడని కుట్టు

పగ్గం ఇంకా హాలు మధ్యలోనే పడి ఉంది. నిన్న మధ్యాహ్నం గుర్రపుస్వారీ బడివాళ్ళు పంపిన మనిషి, ఒక కొసన కుట్టు ఊడిన ఆ పగ్గాన్ని గుమ్మంలో పడేసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. శివరామ్ దాన్ని కాలితో లోపలికి నెట్టాడు. అప్పటినుంచీ ఇంట్లో నలుగురూ దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నారే తప్ప వంగి తీసినవాళ్ళు లేరు. పొద్దున ఇల్లు ఊడ్చిన శివరామ్ తల్లి పంకజం కూడా దాని చుట్టూ చీపురు తిప్పి వదిలేసింది.

"నా కుట్టు ఊడదు," అన్నాడు ఆదిమూలం.

నిన్నటినుంచీ ఆయన నోటినుంచి వచ్చింది ఆ ఒక్క ముక్కే. కాఫీ ఇచ్చినా అదే, అన్నానికి పిలిచినా అదే.

"నీ కుట్టు ఊడిందని ఎవురన్నారు నాయనా?" శివరామ్ చొక్కా అయినా విప్పకుండా ఆస్పత్రినుంచి వచ్చినవాడు వచ్చినట్టే నిలబడి ఉన్నాడు. "ఇన్నేండ్లలో నీ చేతి పగ్గం పట్టుకోని ఒక్కడు కింద పడినాడా? ఇది నీ చెయ్యి కాదు. ఎవురి చెయ్యో నాకు తెలుసు."

ఇంద్రజ వంటింటి గడపలో నిలబడి ఉంది. మొగుడు తనవైపు చూడకుండానే తన గురించి మాట్లాడుతున్నాడని ఆమెకు తెలుసు.

"గుర్రం మీదనుంచి పడిన ఆ పిల్ల ఎట్టుండాది?" అని అడిగింది.

"నివేదితా? రొంబ బాగుండాది. కాలు గిల్లితే తెలీలేదు దానికి. డాక్టరు సూదితో పొడిచినాడు, అదీ తెలీలేదు. వాళ్ళమ్మ నా మొహం చూసి ఏమీ అన్లేదు. తిట్టుంటే బాగుండు."

ఆదిమూలం కుట్టేటప్పుడు తోలును బిగించిపట్టే తన చెక్క క్లాంపును మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. అందులో తోలు లేదు. ఖాళీ క్లాంపునే అలా పట్టుకుని కూర్చున్నాడు.

జట్కాబళ్ళు తిరిగే రోజులనుంచీ తొండియార్‌పేటలో ఆ ఇంటిది గుర్రపు సామాన్ల పని. జట్కాలు పోయాయి, బెల్టులూ హ్యాండ్‌బ్యాగులూ వచ్చాయి, ఇంటి కట్టుబాటు మాత్రం పోలేదు. మనిషి ప్రాణం వేలాడే పట్టీని ఇంటిపెద్ద ఒక్కడే కుట్టాలి. మిగతావాళ్ళు ఏం కుట్టినా కాలికింద వేసి తొక్కిపట్టి, లాగి చూసి గానీ బయటికి పంపరు. పెద్దాయన కుట్టును మాత్రం ఎవరూ లాగి చూడకూడదు. అలా చూడటమంటే బతికున్న మనిషి ఫొటోకి దండ వేయడమే. చక్కటి మర్యాదే, కాదనేదెవరు? ఆ మర్యాదే ఇవాళ ఒక ఆడపిల్లను ఆస్పత్రి మంచానికి అంటించేసింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఇంద్రజ గుండెలో బండరాయిలా కూర్చుని ఉంది.

"నేను నా కండ్లతో చూసినా గదరా," పంకజం మళ్ళీ మొదలుపెట్టింది. "మీ నాయన పండుకోని ఉండాడు. ఇది ఆయన బల్ల ముందర కూసోని, ఆయన కుట్టిన పగ్గం దారం పీకతా ఉండాది. అదీ ఎడంచేత్తో! ఏం మే, లేదని చెప్పు చూద్దాం."

"పీకినాను అత్తా."

"విన్నావా?"

"ఎందుకు పీకినావు?" శివరామ్ ఇప్పుడు ఆమెవైపు తిరిగాడు. "నాయన పని మీద నీ చెయ్యెందుకు పెట్టినావు? చెప్పు ఇంద్రా. నోరు మూసుకోని సుమ్మా నిలబడితే ఎట్ట?"

జవాబు నాలుక మీదే ఉంది. ఆమె మామగారి వైపు చూసింది. ఆయన క్లాంపు మీదికి తల వంచుకుని ఉన్నాడు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన పక్కన పెట్టిన పగ్గాన్ని జరపబోయి ఆమె మొదటిసారి చూసింది. చేతికుట్టులో దారం ఒకటే, సూదులు రెండు. ప్రతి బెజ్జంలోనూ ఒక సూది ఇటునుంచీ ఒకటి అటునుంచీ దూరాలి. ఆ పగ్గంలో రెండో సూది బెజ్జం వెతుక్కోలేక మొదటి దారాన్నే పొడుచుకుంటూ పోయింది. దారం పీచుపీచుగా లేచి ఉంది. గోటితో మీటితే కదిలింది. ఆయన లేచేలోపల అంతా విప్పి, అవే బెజ్జాల్లో తిరిగి కుట్టి, ఎక్కడున్నది అక్కడ పెట్టేసింది. ఆ తరవాత ప్రతి మధ్యాహ్నం అదే పని అయింది.

చెప్పి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఎడమచేతి వాటం కోడలు వచ్చిందని ఈ ఇంట్లో అందరూ మొహం మాడ్చుకున్న రోజున, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె చేతికిచ్చింది ఆయనే. "చెయ్యి ఏదైతే ఏమి? కుట్టు నిలబడాల," అన్నాడు. ఆ మనిషిని ఆయన కొడుకు ముందు తలవంచేలా చేయడం ఆమెవల్ల కాలేదు. పోయిన నెల తల్లికి కంటి ఆపరేషన్ అయితే తోడుండటానికి తిరువొత్తియూరు వెళ్ళింది. ఈ పగ్గం ఆ రోజుల్లోనే కుట్టారు, ఆ రోజుల్లోనే బడికి పోయింది. దాన్ని ఆమె ముట్టుకోనే లేదు. అత్త చూసింది వేరే పగ్గాన్ని.

"నోరు పెగలదు," అన్నాడు శివరామ్. "సరి, నేను చెప్తా వినుకో. ఇంకమీద నీ చెయ్యి ఆరె పట్టకూడదు. నీకు మెషిను కొంటా, బ్యాగులు కుట్టుకో. నాయనకు కొత్త సామాన్లు. పగ్గాలన్నీ ఆయన ఒక్కడే కుడతాడు. లేవండి, పెరియమేడు పోదాం."

"ఆ పిల్ల ఆస్పత్రిలో ఉంటే మనం అంగడికి పోతామా?"

"ఇంకో పిల్ల పడకుండా ఉండాలంటే పోవాల."

ఇంద్రజ ఆ మాటకు నవ్వలేక, ఏడవలేక చెప్పులు వేసుకుంది.

*

తంగరాజ్ అంగడిలో మెషిన్లు రెండు వరుసలుగా నిలబెట్టి ఉన్నాయి. నూనె వాసనా పక్క గోడౌన్లోని తోలు వాసనా కలిసి గొంతుకు పట్టుకుంటున్నాయి. తంగరాజ్ మాటల్లో తమిళం సగం, తెలుగు సగం. ఆదిమూలాన్ని చూడగానే లేచి తన కుర్చీ వేశాడు.

"బట్టలు కుట్టే పవర్ మెషిను మీకు వేండాం సార్," అని శివరామ్‌కు ముందే చెప్పేశాడు. "దాంట్లో కింద ఉండే పళ్ళే లాగతాయి. పైతోలు వెనకబడిపోతాది. చూడండి."

రెండు పట్టీలు సమంగా పెట్టి దాని మీద కుట్టి చూపించాడు. చివరికి వచ్చేసరికి పై పట్టీ వేలెడంత పొడుగై ముడతపడింది.

"ఇది వాకింగ్ ఫుట్. సూదితో పాటు ఈ పాదం కూడా లేచి నడుస్తాది. పైదీ కిందదీ కలిసి పోతాయి. బ్యాగుల మూలలు కూడా కుట్టాలంటే అదో, చెయ్యి చాపినట్టు ఉండాదే, ఆ గుండ్రం బెడ్డు మెషిను తీసుకోండి. కూర్చునేది ఎవరు?"

"ఇది," అన్నాడు శివరామ్.

ఇంద్రజ కూర్చుంది. ఆమె తొక్కగానే సూది దిగింది, పాదం నడిచింది, పట్టీ తనంతట తానే ముందుకు సాగింది. కుట్లన్నీ ఒక్క తీరుగా, ఒక్క కొలతగా పడ్డాయి. తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆమెకు మాత్రం ఎవరో తన చేతుల్ని మెల్లగా తీసి పక్కన పెట్టినట్టు అనిపించింది.

"చూసినావా? ఎవురు కుట్టినా ఒకటే మాదిరి," శివరామ్ చాలా గంటల తరవాత మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టు అన్నాడు.

"బ్యాగులకు సరే సార్. పగ్గాలు మాత్రం దీంట్లో వేయబాకండి," అన్నాడు తంగరాజ్. "మెషిను కుట్టులో పైదారమూ కిందదారమూ ఒకదాన్నొకటి పట్టుకోని ఉంటాయి. ఒకటి తెగితే వరసగా వదిలేస్తాయి. చేతికుట్టు అట్ట కాదు. ఒకపక్క తెగినా ఇంకోపక్క నిలబడతాది."

"పగ్గాలు నాయన చెయ్యే. ఆయనకు సామాన్లు చూపించు."

తంగరాజ్ పళ్ళెం తెచ్చి ఆదిమూలం ఒళ్ళో పెట్టాడు. పళ్ళ ఉలులు, సూదులు, మైనపు దారం ఉండలు, రకరకాల ఆరెలు. ఆదిమూలం చేయి వాటి మీద చాలాసేపు తిరిగింది. ఒకప్పుడు ఆ చేయి సామాను మీద పడితే ఆగేది కాదు. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ తడుముతూ, వదిలేస్తూ, మళ్ళీ తడుముతూ పోయింది. ఆఖరికి ఒక ఆరె తీసి పైకెత్తాడు.

"ఇది బాగుండాది."

అది మొన దగ్గర గుండ్రంగా, లావుగా ఉన్న ఆరె. గోనెసంచులు కుట్టేది. దాంతో పొడిస్తే తోలు చిరుగుతుంది. తోలు మీద ఒకసారి తప్పు పొడుపు పడితే అది ఇక మూసుకోదు. తంగరాజ్ నోరు తెరవబోయి, తండ్రి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ శివరామ్‌ను చూసి ఆగిపోయాడు.

ఇంద్రజ వంగి, పళ్ళెం సర్దుతున్నట్టు సర్ది, పలకలు తేలిన సన్న మొన ఆరెను ఆయన వేళ్ళకు అందేలా జరిపి, గుండ్రటిదాన్ని మెల్లగా లాగబోయింది. ఆదిమూలం టక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మళ్ళానా?" శివరామ్ గొంతు అంగడంతా వినిపించింది. "ఆయన సామాన్ల మీద చెయ్యి పెట్టొద్దని పొద్దున్నే గదా చెప్పినా?"

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. గుండ్రటి ఆరెనే కాగితంలో చుట్టారు.

మెషిను చూసుకోవడానికి శివరామ్, తంగరాజ్ వెనకున్న గోడౌన్లోకి వెళ్ళారు. మామాకోడళ్ళిద్దరే మిగిలారు. బయట బండ్లవాళ్ళు అరుచుకుంటున్నారు.

"మామా, అది గోనెసంచులు కుట్టేది."

"చేతికి వచ్చినాక తెలిసింది."

"మరెందుకు తీసుకున్నారు?"

"తిరిగి పెడితే వాడు చూస్తాడు గదా."

ఆయన ఆమె మొహం వైపు కాకుండా, గొంతు వినిపించిన వైపు తల తిప్పి మాట్లాడాడు.

"నువ్వు నా కుట్టు విప్పి కుడతా ఉండేది నాకు తెలుసు ఇంద్రా. ముందరపక్క అచ్చం నా మాదిరే వేసినావు. వెనకపక్క నీ కుట్టు ఎదురు వాలతాది. బొటనవేలు పెడితే చాలు నాకు. మొదటి పగ్గంతోనే తెలిసింది."



"తెలిసి ఎందుకు ఊరకుండినారు?" అని అడిగింది ఇంద్రజ.

"బాగుండినది గదా. నా పేరు నిలబడింది, కుట్టూ నిలబడింది." ఆయన కాగితం పొట్లాన్ని వేళ్ళతో తిప్పాడు. "రానురానూ నేనూ సరి చూసుకునేది మానేసినా. బెజ్జం తప్పితే తప్పనీలే, బిగువు తక్కువైతే కానీలే, మధ్యాన్నం ఇంద్ర చూసుకుంటాది అని పెట్టేస్తా ఉండినా. నువ్వు ఇంట్లో లేవనేది... ఆ పొద్దు నాకు గుర్తుకు రాలేదు."

ఇంతసేపూ ఇంద్రజ తనను తాను నింద మోస్తున్నదాన్ని అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ ఓదార్పు కూడా పోయింది. తను సరిదిద్దకపోయి ఉంటే ఆయన ఎప్పుడో ఆరె కింద పెట్టేసేవాడు. తను దాచిపెట్టబట్టే ఆయన దారి తప్పాడు. జాలి పేరుతో తను కుట్టిన ప్రతి కుట్టూ ఆ పిల్ల నివేదితను గుర్రం మీదనుంచి కిందికి లాగడానికే పనికొచ్చింది.

"ఆయనకు చెప్పండి మామా. మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మడు."

"చెప్పినాక నేను ఆ ఇంట్లో ఎందుకు?"

"ఆ ఆరెతో ఇంకో పగ్గం కుడతారా అయితే?"

ఆయన జవాబు చెప్పేలోపల శివరామ్ చేతులు దులుపుకుంటూ వచ్చేశాడు.

*

మెషిను ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. పంకజం దానికి పసుపు పూసి కుంకం పెట్టి, కింద నిమ్మకాయ కూడా పెట్టింది. పగ్గం ఇంకా హాలు మధ్యలోనే ఉంది. మెషిను మోసుకొచ్చిన కూలీలు కూడా దాన్ని దాటుకునే వెళ్ళారు. ఆదిమూలం తన మూలకు పోయి, కాగితం చుట్టు విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

శివరామ్ మోటారుకు బెల్టు ఎక్కిస్తుంటే ఫోను మోగింది. రెండు చేతులకూ గ్రీజు. మోచేత్తో స్పీకరు నొక్కి ఫోనును బల్ల మీద పెట్టాడు. స్వారీ బడి మేనేజరు ఏకాంబరం.

"శివరామ్ సార్, మీరు పోయిన నెల ఇచ్చినవి రెండు జతలు గదా. రెండో జత చిన్న పోనీకి వేసి ఉండాము. ఇప్పుడు చిన్నపిల్లల క్లాసు. నిన్నటినుంచి మనసు ఒప్పడం లేదు సార్. ఎక్కించవచ్చా?"

"అది నూటికి నూరు మా నాయన చెయ్యి సార్. దాన్ని ఇంకెవురూ ముట్టుకోలేదు. భయం లేదు, ఎక్కించండి."

"సరి సార్. మీ నాయన చెయ్యంటే సరి."

ఇంద్రజ నీళ్ళ చెంబుతో వస్తూ ఆగిపోయింది.

"రెండు జతలా?"

"ఆమా. నువ్వు మీ అమ్మింట్లో ఉండంగా నాయన రెండు కుట్టినాడు. ఒకటి నువ్వు వచ్చి నాశనం చేసినావు, అమ్మ చూసింది గదా. ఇంకోటి దేవుడి దయవల్ల ముందే పోయింది."

"ఎక్కించొద్దని చెప్పండి." చెంబు కింద పెట్టిందో పడేసిందో ఆమెకే తెలియలేదు. "ఆ రెండూ నేను ముట్టుకోలేదు. నేను వచ్చేతలికే రెండూ పోయినాయి. నేను ముట్టుకోలేదు కాబట్టే చెప్తా ఉండా. ఎక్కించొద్దని చెప్పండి!"

"ఏం మాటలు మే అవి?" పంకజం లేచింది. "ఆయన కూసోనుండంగానే?"

ఇంద్రజ హాలు మధ్యకు వెళ్ళి వంగి ఆ పగ్గం తీసింది. ఒక కొస ఊడిపోయి, తెగిన దారాలు వేలాడుతున్నాయి. ఇంకో కొసన కుట్టు ఇంకా అలాగే ఉంది. ఆ కొసన ఉన్న మడతలో ఒక పొరను కాలికింద వేసి తొక్కిపట్టింది. రెండో పొరను రెండు చేతులతో పట్టుకుని లాగింది.

ఎక్కువ బలం అక్కరలేకపోయింది. మొదటి కుట్టు పుటుక్కుమంది, తరవాతిది, దాని తరవాతిది. తోలు రెండు పొరలూ అరిటాకులా విడిపోయాయి.

"లాగు, ఇంకా లాగు," అంది పంకజం. "నీ కుట్టు ఎట్టాంటిదో నువ్వే చూపిస్తా ఉండావు."

ఇంద్రజ నివ్వెరపోయింది. నిజమే. ఇది తన కుట్టేనని వాళ్ళు నమ్ముతున్నారు. ఊడిన ప్రతి పోగూ తన మీదే సాక్ష్యం చెప్తోంది. శివరామ్ కళ్ళల్లో కోపం కూడా పోయింది. విసుగు మాత్రమే మిగిలింది. అతను మళ్ళీ బెల్టు మీదికి వంగాడు.

ఆమె పగ్గం తీసుకెళ్ళి ఆదిమూలం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంకా ఊడకుండా మిగిలిన నాలుగు కుట్లను ఆయన బొటనవేలి కింద పెట్టింది.

"మామా. వెనకపక్క తడిమి చూడండి. ఎవురి చెయ్యో మీరే చెప్పండి. పోనీ మీద చిన్నబిడ్డ ఎక్కతాది మామా."

ఆయన వేలు కదిలింది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. అక్కడే ఆగింది. ఆయన పెదవి కదలడం ఇంద్రజ ఒక్కతే చూసింది. నా కుట్టు ఊడదు అనబోతున్నాడనుకుంది. ఆ మాట అనేస్తే ఇక తన దగ్గర ఏమీ లేదు.

"నాదే," అన్నాడు ఆదిమూలం.

శివరామ్ తల ఎత్తాడు.

"రెండు జతలూ నావే. ఆ పిల్ల ముట్టుకోలేదు. ముట్టుకోనుంటే ఊడేది కాదు." ఆయన ఒళ్ళోని కాగితం పొట్లం జారి కింద పడింది. దానికోసం చేయి చాపి ఆయన ఖాళీ నేలను తడిమాడు. "నాకు కండ్లు కనపడవురా శివా. కనపడక రెండేండ్లయింది."

పంకజం గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

శివరామ్ గ్రీజు చేతులతోనే ఫోను అందుకున్నాడు. ఏకాంబరం ఫోను పెట్టేయలేదు. జేబులో వేసుకున్నట్టున్నాడు. వేరే ఫోనులో వేస్తున్న పాటలా దూరంగా పిల్లల నవ్వులు వినిపించాయి. ఎవరో ఈల వేశారు.

"సార్! ఏకాంబరం సార్! ఎక్కించొద్దు! వినబడతా ఉండాదా? ఎక్కించొద్దు సార్!"

జేబు గుడ్డ రాపిడి చప్పుడు. దాని వెనక ఇసుకలో గిట్టల చప్పుడు, మొదట మెల్లగా, తరవాత వేగంగా. శివరామ్ అరుస్తూనే ఉన్నాడు. ఆదిమూలం ఇంకా ఆ ఆరెకోసం నేల తడుముతూనే ఉన్నాడు. ఇంద్రజ దాన్ని తీసి ఆయనకు ఇవ్వలేదు.